గోదావరి డెల్టాలో పడవ పందేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దగ్గర పడే కొద్దీ మా రేవుకు కొత్త ముఖాలు ఎక్కువవుతాయి. ఆత్రేయపురంలో పందెం చూసి ఉత్సాహపడిన కుర్రాళ్లు వస్తారు. పిల్లలను నీళ్ల మీదికి పంపాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు వస్తారు. తమ ఊరి కాలువలో కూడా ఒక పోటీ పెట్టాలనుకునే పెద్దలు వస్తారు. వశిష్ఠ పాయ ఒడ్డున మా ఊరి జట్టుకు ఎనిమిదేళ్లుగా సాధన చేయిస్తున్నాను. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. వీటిలో నా అభిప్రాయాలు కూడా కలిసే ఉంటాయి.

గోదావరి జిల్లాల్లో పడవ పందేలు ఎక్కడ చూడవచ్చు?

ఇప్పుడు అందరి నోటా వినిపించే పేరు ఆత్రేయపురం. 2025 సంక్రాంతికి అక్కడి ప్రధాన కాలువలో సర్ ఆర్థర్ కాటన్ పేరు మీద డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. ఆ పేరు పెట్టడం ఎంతో సబబు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఆ కాలువే లేదు. కాటన్ దొర కాలువలను పొలాల తడి కోసమే తవ్వించలేదు, పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. లాకులు కట్టింది అందుకే. ఎత్తున ఉన్న నీటి నుంచి పల్లాన ఉన్న నీటికి పడవను మెల్లగా దించే తలుపులవి.

లొల్ల లాకుల దగ్గర ఈ రోజు నిలబడి చూస్తే కొబ్బరిచెట్ల నీడ, నీటి హోరు తప్ప ఏమీ కనిపించవు. బస్సులు రాక ముందు ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్లివారు, పరీక్షలకు వెళ్లే పిల్లలు అందరూ కాలువల మీదే ప్రయాణించారు. వాటిని రాదారి పడవలనేవారు. పైన గూడు ఉంటే గూటి పడవ. గాలి పడిపోతే తెరచాప దించి, ఇద్దరు మనుషులు గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకుని పడవను లాగుకుంటూ నడిచేవారు. మా తాతయ్య అలా నడిచినవాడే. ఆయన కుడి భుజం మీద చర్మం చివరి వరకు చెప్పు అట్టలా బిరుసుగానే ఉండేది.

పందెం పడవలు బయటి నుంచి వచ్చినవే కదా? మనకు సొంత పడవలు లేవా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. డ్రాగన్ పడవ చైనాలో పుట్టింది. కేరళ పాము పడవను చుండన్ వళ్లం అంటారు. నూరు అడుగులు దాటిన పొడవు, దాదాపు నూరుగురు తెడ్లు వేసేవాళ్లు. 1952లో నెహ్రూ అలప్పుళ వచ్చినప్పుడు జరిగిన పందెం నుంచే అక్కడి నెహ్రూ ట్రోఫీ మొదలైంది. ఈ రెండూ వేరువేరు పడవలు, వేరువేరు పద్ధతులు. రెండూ గొప్పవే. అంతమాత్రాన మనకేమీ లేదనుకోవడం తప్పు.

తాటి దోనెతో మొదలుపెడదాం. ముదురు తాటిచెట్టు మొదలు లావుగా ఉబ్బి ఉంటుంది. ఆ మానును నిలువుగా చీల్చి, లోపలి మెత్తటి పీచును తొలిచేస్తే బయట ఇనుములాంటి చేవ మాత్రం మిగులుతుంది. అలాంటివి రెండు పక్కపక్కన చేర్చి కట్టుకుని కొల్లేరులో, డెల్టా చెరువుల్లో తిరిగారు. మేకు లేదు, పలక లేదు, డబ్బు ఖర్చూ లేదు. ఆ తర్వాత తెప్ప. తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టి, కెరటం మీదికి నేరుగా నెట్టుకుపోయే సాధనం. నీళ్లు లోపలికి వస్తాయన్న భయమే లేదు, ఎందుకంటే దానికి లోపల అనేదే లేదు. కోరమండల్ తీరంలో కుట్టు పడవలు కూడా ఉండేవి. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఇసుకకు బలంగా తగిలితే విరుగుతుంది, కుట్టిన పడవ వంగి, మళ్లీ తన రూపానికి వస్తుంది.

ఇక నావ. మా పందేల్లో వాడేది ఇదే. ముందు భాగాన్ని అణియం, వెనుక భాగాన్ని అమరం అంటారు. ఈ మాటలు పెద్దవాళ్ల దగ్గరే వినిపిస్తున్నాయి, మా జట్టులో మాత్రం పదేళ్ల పిల్లవాడు కూడా వీటినే వాడాలని నియమం పెట్టుకున్నాం. ప్రతి ఏడాదీ నావను ఒడ్డుకు లాగి బోర్లిస్తాం. పలకల సందుల్లో పాత దూదిని మొద్దుబారిన ఉలితో గీకి తీసేసి, కొత్త దూదిని వత్తిలా పేని, సుత్తితో చిన్నగా తడుతూ లోపలికి కుక్కుతాం. పైన నూనెలో కాచిన గుగ్గిలం పూస్తాం. ఆ పనిలో కూర్చున్న రోజే కుర్రాళ్లకు తమ పడవ ఎక్కడ బలహీనంగా ఉందో తెలుస్తుంది.

డ్రాగన్ పడవలు రావడం నాకు సంతోషమే, వాటి వల్లే ఇంతమంది గట్టు మీదికి వచ్చారు. కానీ రేవులో పది నావలు కట్టి ఉన్న ఊరు, అద్దె పడవ దొరకలేదని పందెం మానుకోవడం నాకు మింగుడుపడదు.

రెగట్టా అంటే ఏమిటి?

వెనిస్ నగరంలో పడవ పందేలను పిలిచిన మాట. ఒకే పందెం కాకుండా, రకరకాల పడవలకు, వయసులకు వరసగా పోటీలు జరిగే సంబరాన్ని ఇప్పుడు రెగట్టా అంటున్నారు.

రోయింగ్, కెనోయింగ్, డ్రాగన్ పడవ: వీటిలో తేడా ఏమిటి?

తెడ్డు పడవకు ఆని ఉందా, చేతిలోనే ఉందా అన్నది చూడండి. రోయింగ్‌లో తెడ్డు పడవ అంచున ఒక ఆధారానికి బిగించి ఉంటుంది. మనిషి గమ్యానికి వీపు పెట్టి కూర్చుని, కాళ్లతో తన్ని, తెడ్డును గుండె వైపు లాగుతాడు. ఒక్కొక్కరికి రెండేసి తెడ్లుంటే ఒక రకం, ఒక్కొక్కటే ఉంటే మరో రకం. ఒలింపిక్స్‌లో ఈ పందెం దూరం చాలాకాలంగా 2000 మీటర్లు. 2028 లాస్ ఏంజెలెస్‌లో మాత్రం 1500 మీటర్లే.

డ్రాగన్ పడవలో, కెనోలో తెడ్డు దేనికీ ఆనదు. ముఖం గమ్యం వైపే ఉంటుంది. పెద్ద డ్రాగన్ పడవలో ఇరవై మంది తెడ్డు వేస్తారు, ముందు ఒకరు డప్పు కొడతారు, వెనుక ఒకరు నిలబడి పొడవాటి తెడ్డుతో దారి చూస్తారు. చిన్న పడవలో పదిమంది. సాధారణంగా 200, 500, 1000, 2000 మీటర్ల పందేలుంటాయి.

మన నావ మొదటి జాతిది. అంచున కొయ్య మేకు, దానికి కొబ్బరి తాడు చుట్ట, ఆ చుట్టలో తెడ్డు. ఈ తాడు చుట్టను తక్కువగా చూడకండి. బిగువుగా ఉంటే తెడ్డు తిరగదు, వదులైతే ప్రతి లాగుకూ బెత్తెడు బలం వృథా. పందేనికి ముందు తాడును నీళ్లలో నానబెట్టి కట్టాలి. పొడిగా కడితే తడిశాక బిగుసుకుపోయి సగం దూరంలో తెడ్డు పట్టేస్తుంది. మొదటి ఏడాది మేము ఓడిపోయింది సరిగ్గా ఇందుకే.

మా ఊళ్లో సొంత పడవలతో పందెం పెట్టాలనుకుంటున్నాం. గొడవలు లేకుండా ఎలా?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే తీరిగ్గా చెబుతాను.

చేతితో చేసిన నావలు ఏ రెండూ ఒకటి కావు. ఒకటి బరువు, ఒకటి వెడల్పు, ఒకటి మొన్ననే గుగ్గిలం పూసుకున్నది. ఎవరి పడవ వాళ్లు తెచ్చుకుని పరుగెత్తితే గెలిచింది పడవో మనుషులో తెలియదు. మేము ఇలా చేస్తాం. ఒకే పొడవుకు దగ్గరగా ఉన్న నాలుగు నావలను ఎంచుకుని, చీటీలు వేసి జట్లకు ఇస్తాం. రెండో పరుగులో పడవలు మార్చుకుంటారు, మూడో పరుగులో మళ్లీ మారుస్తారు. అన్ని పరుగుల సమయాలనూ కలిపి ఫలితం చెబుతాం. రోజు కాస్త పొడవవుతుంది కానీ ఇంతవరకు ఒక్క తగాదా లేదు.

తర్వాత నీటిని చూడాలి. ఏటిలో నీరంతా ఒకే వేగంతో పోదు. గట్టు పక్కన నెమ్మది, నడుమ జోరు. వంపు తిరిగే చోట బయటి ఒడ్డున లోతూ ఎక్కువే, వడీ ఎక్కువే. లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. అందువల్ల వంపులో పందెం పెట్టకండి. నేరుగా సాగే చోటు దొరకకపోతే దూరం తగ్గించుకోండి. కాలువలో పెడితే లోతు కొలవండి. లోతు తక్కువైతే పడవ తాను లేపిన అలలో తానే కూరుకుపోయి, నేలకు అంటుకున్నట్టు బరువెక్కుతుంది. రోయింగ్ పోటీల మడుగుల్లో కనీసం మూడు మీటర్ల లోతు కోరేది అందుకే. మన కాలువల్లో అంత ఉండదు కాబట్టి, ఉన్న లోతు అన్ని వరసల్లోనూ సమానంగా ఉందో లేదో ఒక వెదురు గెడతో పొడిచి చూస్తే చాలు.

సముద్రానికి దగ్గరగా ఉన్న పాయల్లో పోటు, పాటు కూడా కలుస్తాయి. రోజుకు రెండుసార్లు నీరు ఎదురెక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఆ వేళలు రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో జోరు మరీ ఎక్కువ. పోటు ఆగి, పాటు మొదలవడానికి మధ్య నీరు కాసేపు నిలబడుతుంది. మా రేవులో ఒక సరంగు తాత ఉన్నారు. ఆయన నీళ్లలోకి ఒక కొబ్బరి పీచు ముక్క విసిరి చూస్తారు. అది ఎటూ కదలకుండా ఉన్న చోటే గుండ్రంగా తిరుగుతుంటే, "ఇప్పుడు వదలండి బాబూ" అంటారు. మా ఆఖరి పరుగు మొదలయ్యేది అప్పుడే. ముఖ్య అతిథి ప్రసంగం పూర్తి కాలేదని ఒక ఏడాది ఆ వేళను పోగొట్టుకున్నాం. అప్పటి నుంచి ప్రసంగాలు పందెం అయ్యాకనే.

గుర్రపుడెక్కను మరిచిపోకండి. ఒక్క గుబురు తెడ్డుకు చుట్టుకుంటే జట్టు మొత్తం లయ తప్పుతుంది. ముందు రోజు తీయించి ఊరుకుంటే చాలదు, ఎగువ నుంచి రాత్రికి రాత్రి మళ్లీ కొట్టుకొస్తుంది. పందెం మొదలయ్యే చోటికి ఎగువన వెదురు కట్టి అడ్డుపెట్టండి. కాలువలో నీటి మట్టం గురించి జలవనరుల శాఖ వాళ్లతో ముందే మాట్లాడాలి. పోలీసులకు, రెవెన్యూ వారికి రాతపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి.

సాధనకు ఏ నెలలు మంచివి?

కార్తికం నుంచి సంక్రాంతి దాటే వరకు. నీరు తేటబడి ఉంటుంది, పొద్దుటి గాలి నెమ్మదిగా ఉంటుంది. నవంబరులో తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం పడవలను ఒడ్డుకు లాగి కట్టేసి ఇంటికి వెళ్లడమే.

జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరిలో ఎర్రనీరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. మొదటి హెచ్చరిక నాటికే దాదాపు పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పోతుంటుంది. అలాంటి నీటిలో సాధన అనే మాటే ఉండకూడదు. హెచ్చరిక లేకపోయినా ఆ రోజుల్లో పులస వలలు ఏటికి అడ్డంగా ఉంటాయి. ఒక జాలరి బతుకుతెరువును మన తెడ్డు చింపకూడదు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఏటి పాయలే దిక్కు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మర పడవల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి వేటకు వెళ్లే అన్నలు, బాబాయిలు ఊళ్లోనే దొరుకుతారు. మా కుర్రాళ్లు నేర్చుకున్నదంతా ఆ రెండు నెలల్లో వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

ఈత రాకపోతే చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం, కానీ పడవ ఎక్కనివ్వం. ముందు ఈత నేర్పుతాం. బట్టలు వేసుకుని యాభై మీటర్లు ఈదగలిగి, నీళ్లలో కదలకుండా ఐదు నిమిషాలు తేలగలిగిన రోజున తెడ్డు చేతికిస్తాం.

ఈత వచ్చినవాళ్లకూ లైఫ్ జాకెట్ తప్పదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన రోజు ఈ జిల్లాల్లో ఎవరూ మరచిపోలేదు. పుట్టినప్పటి నుంచి గోదావరి మాకు తెలుసు అనుకునే మాలాంటివాళ్లం ఆ రోజున ఎంతో భయపడ్డాం. జాకెట్ ఉండటం ఒక్కటే కాదు, దాని బకిళ్లు పెట్టి ఉండాలి. పడవ కదలక ముందు ప్రతి ఒక్కరి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తాను. జాకెట్ చెవుల దాకా లేస్తే దిగమంటాను, ఎంత గొప్ప ఆటగాడైనా సరే. సాధన జరిగినంతసేపూ ఒక మర పడవ వెంట ఉంటుంది.

పడవ తిరగబడితే దాన్ని వదలకూడదు. చెక్క మునగదు. ఒడ్డు దగ్గరే కదా అని ఈదబోయినవాళ్లే అలిసిపోతారు. ఇసుక తవ్విన చోట్ల ఏటి అడుగున గుంతలుంటాయి, మోకాలి లోతు అనుకున్న చోట నిలువు లోతు ఉంటుంది.

అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. ఏమి చేయాలి?

తెడ్డును గట్టిగా పట్టుకుంటున్నారన్నమాట. వేళ్లను కొక్కెంలా వంచి తగిలించాలి, బొటనవేలు ఊరికే ఆనించాలి. బలం తొడల నుంచి, నడుము నుంచి రావాలి. కొత్తవాళ్లు చేతులతో లాగుతారు, పావుగంటకే ముంజేతులు బిగుసుకుపోతాయి.

లయ కోసం మేము డప్పు వాడం, "హైలెస్సా" అంటాం. అందులో తెలివి ఉంది. "హై" అన్నప్పుడు తెడ్డు నీళ్లలోకి దిగుతుంది, "లెస్సా" అంటున్నంతసేపూ లాగు సాగుతుంది, మాట అయిపోయిన చోట ఊపిరి తీసుకుంటాం. ఊపిరి, మాట, తెడ్డు ఒకే తాడుకు కట్టినట్టు నడుస్తాయి. నోరు మూసుకుని తెడ్డు వేసే జట్టును నేను ఇట్టే గుర్తుపడతాను, వాళ్ల తెడ్లు ఒక్కసారిగా నీళ్లలో పడవు.

ఆడపిల్లలు చేరవచ్చా?

తప్పకుండా. మా జట్టులో అమరం దగ్గర చుక్కాని పట్టేది ఇంటర్ చదువుతున్న అమ్మాయే. ఏటిని చదవడంలో ఆమెను మించినవాళ్లు మా దగ్గర లేరు.

ఇప్పుడు చెక్క పడవలు చేసేవాళ్లున్నారా?

ఉన్నారు. తాళ్లరేవు వెళ్లండి. దాని పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని తుడిచిపెట్టాయి. పని మాత్రం చుట్టుపక్కల వడ్రంగుల చేతుల్లో మిగిలింది. కాగితం మీద గీత లేకుండా, కంటి అంచనాతో పక్కటెముకల వంపు తీసే మేస్త్రులు ఇంకా ఉన్నారు. పని తగ్గిపోయింది. వేటకు ఫైబర్ బోట్లు వచ్చేశాయి, వాటికి దూది కుక్కే పని లేదు, ఏటేటా మరమ్మతు లేదు. వేటకు వెళ్లేవాళ్లు అవి కొనుక్కోవడాన్ని నేను తప్పుపట్టను. పందెం కోసమైనా ఏడాదికి నాలుగు నావలు చేయించుకునే ఊళ్లుంటే, ఆ మేస్త్రుల కొడుకుల్లో ఒకరైనా ఉలి పట్టుకుంటారు. నేను పందేల వెంట పడటానికి అసలు కారణం అదే.

సముద్రంలో తెడ్డు పందేలు కూడా ఉంటాయా?

ఉంటాయి, కోస్టల్ రోయింగ్ అంటారు. ఆ పడవలు వెడల్పుగా, బరువుగా ఉంటాయి. వెనుక భాగం తెరిచి ఉండటంతో లోపల పడ్డ కెరటం దానంతటదే బయటికి పోతుంది. ఒంటరి పడవ ఆరు మీటర్ల పొడవు, 35 కిలోల బరువు. నలుగురిది 10.7 మీటర్లు, 150 కిలోలు. ఇందులో బీచ్ స్ప్రింట్ అనే పందెం 2028లో తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. ఇసుకలో పరుగెత్తి పడవెక్కి, నీటి మీద తేలే గుర్తుల (బోయాల) మధ్య మెలికలు తిరుగుతూ 250 మీటర్లు లోపలికి వెళ్లి, తిరిగి ఒడ్డుకు వచ్చి, దూకి మళ్లీ పరుగెత్తాలి.

ఈ పందెం గురించి చదువుతుంటే నాకు మన తెప్పల వాళ్లే కళ్ల ముందు మెదిలారు. కెరటాలను లెక్కపెట్టి, పెద్దవి విరిగిపోయాక వచ్చే సందులో పడవను నెట్టి, ఎగిరి కూర్చోవడం అంతర్వేది, ఓడలరేవు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కాకినాడ నయం. హోప్ ఐలాండ్ అడ్డుగోడలా నిలబడటం వల్ల లోపలి నీరు నెమ్మదిగా ఉంటుంది.

ఈ ఆటతో మా అబ్బాయికి భవిష్యత్తు ఉంటుందా?

హామీ ఇవ్వలేను. ఒక సంగతి చెబుతాను. మహారాష్ట్రలో కరవు ప్రాంతం నుంచి వచ్చి, బావులు తవ్వే పని చేసిన దత్తు భోకనల్ సైన్యంలో చేరాకే తెడ్డు పట్టుకున్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లో పోటీపడ్డారు, 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో స్వర్ణం గెలిచారు. నీళ్లకు కరవైన ఊరి నుంచి అంత దూరం వెళ్లగలిగినప్పుడు, ఇంటి వెనుకే ఏరున్న మన పిల్లలకు దారి లేదనడానికి నాకు మనసొప్పదు. ఊరి పందెం మొదటి మెట్టు. పై మెట్లకు రోయింగ్ లేదా కెనోయింగ్‌లో గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడాలి. చదువు మానిపించవద్దు. సాధన తెల్లవారుజామునే అయిపోతుంది, బడికి ఆలస్యం కాదు.

మొదటి రోజు ఏమి తెచ్చుకోవాలి?

ఒంటికి అతుక్కునే పాత బట్టలు, తువ్వాలు, తాగేందుకు నీళ్లు. కడుపు నిండా తిని రావద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు, ఒక అరటిపండు చాలు. ఉంగరాలు, గొలుసులు ఇంట్లోనే ఉంచండి. వెలుగు రాక ముందే రేవు మెట్ల దగ్గర ఉండండి. ఎక్కే ముందు గంగమ్మకు దండం పెట్టుకుని, పడవ అంచును చేత్తో తాకి, చెప్పులు ఒడ్డునే వదిలి కుడికాలు నడిమధ్యన మోపండి. అంచు మీద అడుగు వేస్తే పడవ ఒరుగుతుంది.